ఎన్నికల వార్తలు చూస్తే గుండె దడగా ఉంటోందా? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. మీకు నచ్చని పార్టీ గెలిస్తే మీ ఇంట్లో ఏం మారుతుందని భయపడుతున్నారో రాయండి. రాష్ట్రం ఏమైపోతుందో, దేశం ఏమైపోతుందో తర్వాత చూద్దాం, ముందు మీ ఇంటి సంగతి. అమ్మ పింఛను ఆగిపోతుందనా, కాంట్రాక్టు ఉద్యోగం ఊడుతుందనా, చేసిన పనికి బిల్లు రాదనా, రొయ్యల చెరువుకి కరెంటు రాయితీ తీసేస్తారనా, ఊళ్ళో అవతలి వర్గం వాళ్ళు పాత గట్టు తగాదా మళ్ళీ పైకి తీస్తారనా, లేకపోతే ఎవరికీ చెప్పకుండా పందెం కాశారా? ఏదైతే అది రాయండి. ఫోన్లో మాత్రం రాయకండి, ఫోన్ చేతిలోకి వస్తే వేలు మళ్ళీ వార్తల మీదకే పోతుంది.

ఇది ముందు ఎందుకు చెయ్యమంటున్నానంటే, మా చుట్టుపక్కల ఎన్నికల టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్న వాళ్ళతో కాసేపు కూర్చుని మాట్లాడితే, చాలామంది దగ్గర ఆ పెద్ద భయం వెనకాల ఇలాంటి ఇంటి విషయం ఒకటి బయటపడింది. దానికి టీవీలో జవాబు ఉండదు. మీ అమ్మ పేరు పింఛను జాబితాలో ఉందో లేదో ఏ చర్చలోనూ చెప్పరు కదండీ. అందుకే ఎంతసేపు చూసినా తృప్తి ఉండదు, ఇంకొంచెం చూస్తే తెలుస్తుందేమో అనిపిస్తుంది, అలా రాత్రి పన్నెండు దాటిపోతుంది. భయం ఏమిటో కాగితం మీదకి వచ్చాక దానికి జవాబు చెప్పగలిగే మనిషి ఎవరో కూడా తెలుస్తుంది.

పింఛను సంగతే తీసుకుందాం, పెద్దవాళ్ళని ఎక్కువగా భయపెట్టేది అదే. 2014 లో 200 రూపాయల నుంచి 1,000 అయింది, 2019 ఎన్నికల ముందు 2,000 అయింది, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం మెల్లగా పెంచుకుంటూ 3,000 దాకా తెచ్చింది, మళ్ళీ ప్రభుత్వం మారి 2024 జులై నుంచి 4,000 అయింది. అంటే ప్రభుత్వాలు మారినా పథకం నిలబడింది. మీ అమ్మగారి ఒక్కరి పేరు ఏదైనా తనిఖీలో పోతుందా అన్నది వేరే ప్రశ్న, అది మీ ఊరి సచివాలయానికి వెళ్ళి ఆధార్ చూపించి అడిగితే తేలుతుంది. ఒక పూట పని. ఆ పూట ఖర్చు పెట్టడానికి బద్ధకించి నెలల తరబడి టీవీ ముందు భయపడుతూ కూర్చుంటున్నాం. కాంట్రాక్టు ఉద్యోగం వాళ్ళు మీ ఒప్పందం ఏ తేదీ దాకా ఉందో చూసుకోండి, రెండు మూడు నెలలు జీతం రాకపోతే ఇల్లు ఎలా నడుస్తుందో భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకోండి. ఉద్యోగం ఉంటుందని నేను హామీ ఇవ్వలేను, కానీ లెక్క వేసుకున్న ఇంట్లో రాత్రి నిద్ర వేరుగా ఉంటుంది.

కాగితం మీద ఇంటి విషయమేదీ రాలేదు, నిజంగానే రాష్ట్రం గురించి, రాజ్యాంగం గురించి, పిల్లలు ఎలాంటి సమాజంలో పెరుగుతారోనన్న దాని గురించి బెంగ అంటారా, అది తక్కువ బెంగేమీ కాదు. పట్టించుకునే మనిషికే అలా ఉంటుంది. అలాంటి వాళ్ళకి చూసే వార్తలు తగ్గించి, చేతికి పని ఇవ్వాలి. ఏ పనో కింద చెప్తాను.

వార్తలకి ఒక వేళ పెట్టుకోండి

పూర్తిగా మానెయ్యమని నేను చెప్పను. మానేద్దామని ఒట్టు పెట్టుకున్న వాళ్ళు టీ కొట్టు దగ్గర సగం సగం మాటలు విని ఇంకా ఎక్కువ కంగారు పడతారు. పొద్దున టిఫిన్ అయ్యాక ఒక అరగంట పేపరు, సాయంత్రం ఒక బులెటిన్, అంతే. పేపరు ఎందుకంటే అది ఎక్కడో ఒక చోట అయిపోతుంది, మడిచి పక్కన పెట్టగలం. టీవీ చర్చ అవదు, యూట్యూబ్ అసలే అవదు. మన దగ్గర ఏ పేపరు ఎటు మొగ్గుతుందో, ఏ ఛానల్ ఎవరిదో చిన్న పిల్లలకి కూడా తెలుసు కాబట్టి, మీకు నచ్చే పేపరుతో పాటు అవతలి వాళ్ళ పేపరులో జిల్లా పేజీ కూడా చదవండి. మొదటి రెండు మూడు రోజులు కోపం వస్తుంది. తర్వాత అవతలి వాళ్ళు కూడా ఇలాగే ఓడిపోతామేమోనని భయపడుతున్నారని కనిపిస్తుంది, ఆ కనిపించడం వల్లే నాకు తెలిసిన చాలామందికి సగం టెన్షన్ తగ్గింది.

పడుకునే ముందు గంట మాత్రం ఏ వార్తా వద్దు. లేవగానే కూడా వద్దు, మొహం కడుక్కుని కాఫీ తాగాకే.

బ్రేకింగ్ న్యూస్ వచ్చినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది విన్నాక ఈ రోజు నేను చెయ్యబోయే పని ఏదైనా మారుతుందా? పోలింగ్ తేదీ మారిందంటే మారుతుంది, రైలు టికెట్ మార్చుకోవాలి. ఫలానా నాయకుడు ఫలానా వాణ్ణి తిట్టాడంటే ఏమీ మారదు, సాయంత్రం బులెటిన్‌లో తెలిసినా సరిపోతుంది.

2024 మే నెలలో ఇదంతా ఇంకా ఎక్కువ అవడానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలే దాకా పొలంలో పని లేదు, బయట ఎండ. మగవాళ్ళంతా చెట్టు కిందో, ఫ్యాన్ కిందో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఎండాకాలంలో ఎన్నికలు వచ్చినప్పుడు ఖాళీగా ఉండకుండా వాయిదా వేసిన పని ఏదో ఒకటి పెట్టుకోండి, ఇంటికి సున్నమో, కొబ్బరి తోటలో బోదెలు తియ్యడమో, పాస్‌బుక్కుల్లో తప్పులు సరిచేయించుకోవడమో.

ఫోన్ సంగతి

వాట్సాప్‌లో పార్టీ గ్రూపులు, కులం గ్రూపులు, టెన్త్ బ్యాచ్ గ్రూపులు అన్నీ ఎన్నికలయ్యే దాకా మ్యూట్ చెయ్యండి. మ్యూట్‌లో 'ఆల్వేస్' అని ఉంటుంది, అది నొక్కండి. బయటికి వచ్చేస్తే ఎందుకు వెళ్ళావని మళ్ళీ ఒక గొడవ, మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. ఆ తర్వాత వాటిని ఆర్కైవ్‌లో పడేయండి, పైన కనిపించవు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా దగ్గర ఫొటోలు, వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ అవకుండా ఆపెయ్యండి. గ్యాలరీ తెరిస్తే మనవరాలి ఫొటో కనపడాలి గాని ఎవరో ఎవర్నో కొడుతున్న వీడియో కాదు. యూట్యూబ్‌లో ఆటోప్లే తీసేసి, అరిచే ఛానళ్ళ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి 'డోంట్ రికమెండ్ ఛానల్' పెట్టండి. నాలుగైదింటికి పెడితే మీ ఫోన్ ముఖమే మారిపోతుంది. పెద్దవాళ్ళకి ఇది చేతకాదు, ఇంట్లో కుర్రాళ్ళే చేసి పెట్టాలి, వాళ్ళకి చెప్పి చెయ్యాలి.

ఏదైనా మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు, 'ఫార్వార్డెడ్ మెనీ టైమ్స్' అని ఉంటే, అది ఐదు చేతులకి తక్కువ కాకుండా మారి మీ దాకా వచ్చిందని అర్థం. రాసినవాడు ఎవడో మీకు పంపినవాడికి కూడా తెలియదు. అందులో భయపెట్టే ఆడియో క్లిప్పు ఉంటే, ఫలానా నాయకుడు ఫోన్లో ఇలా అన్నాడట అని ఉంటే, ఇంకా జాగ్రత్త. ఇప్పుడు కంప్యూటర్‌తో గొంతు తయారు చెయ్యడం పెద్ద పని కాదు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు చట్ట ప్రకారం ప్రచారం ఆగిపోతుంది, మైకులు ఆగుతాయి, ఆటోలు ఆగుతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్లలో అబద్ధాలు ఎక్కువ తిరుగుతాయి, ఎందుకంటే ఖండించడానికి కూడా టైము ఉండదు. ఆ రెండు రోజులు వచ్చిన ఏ క్లిప్పునూ నమ్మకండి, పంపకండి. అంతగా అనుమానం ఉంటే ఫ్యాక్ట్‌లీ లాంటి ఫ్యాక్ట్ చెక్ సైట్లు తెలుగులోనే ఉన్నాయి, అక్కడ వెతకండి.

ఇంకో విషయం. వీడియో చూసినప్పుడు అది ఏ ఊరిదో ముందు చూడండి. 2024 పోలింగ్ రోజు, ఆ తర్వాత పల్నాడు, తిరుపతి, అనంతపురం జిల్లాల్లో గొడవలు జరిగాయి, అధికారుల్ని సస్పెండ్ చేసి ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసేదాకా వెళ్ళింది. అది నిజం, చిన్న విషయమూ కాదు. కానీ రాజోలులో కూర్చుని ఆ క్లిప్పులు గంటగంటకీ చూసిన వాళ్ళకి తమ వీధి చివరే కర్రలు పట్టుకుని నిలబడ్డారన్నంత భయం పట్టుకుంది, తలుపు తీసి చూస్తే వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. మీ ఊరి పరిస్థితి తెలియాలంటే ఊళ్ళో ఉన్న మనిషికి మామూలు ఫోన్ కాల్ చెయ్యండి.

ఈ మామూలు కాల్ సంగతి గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళు కూడా గుర్తు పెట్టుకోవాలి. 2022 మే 24 న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగి, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టినప్పుడు, కోనసీమలో కొన్ని రోజుల పాటు ఇంటర్నెట్ ఆపేశారు. కువైట్‌లో, దుబాయ్‌లో ఉన్న వాళ్ళకి టీవీలో మంటలు కనపడుతున్నాయి, ఇంటికి వాట్సాప్ కాల్ కలవదు. అలాంటి వేళ కంగారు ఎంత ఉంటుందో పడిన వాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి ఎన్నికల ముందే ఇంట్లో వాళ్ళతో అనుకోండి, ఏదైనా అయితే ఏ నంబరుకి మామూలు కాల్ చెయ్యాలి, పక్కింటి వాళ్ళ నంబరు ఏది, అని.

సర్వేలు

మన దగ్గర టెన్షన్ పెంచేవాటిలో సర్వేలు ముందుంటాయి. 2004 లో దేశమంతా ఎగ్జిట్ పోల్స్ ఒకటి చెప్తే ఫలితం ఇంకొకటి వచ్చింది. 2024 లో కేంద్రంలో అధికార కూటమికి చాలా సంస్థలు 350 దాటి ఇచ్చాయి, వచ్చినవి 293. మన రాష్ట్రానికైతే అదే సాయంత్రం కొన్ని సంస్థలు ఇటు, కొన్ని అటు చెప్పాయి, చివరికి 175 లో గెలిచిన కూటమికి 164, ఓడిన పార్టీకి 11 అన్న లెక్క వచ్చింది. అంతకుముందు 2019 లో గెలిచిన పార్టీకి 151, ఓడిన పార్టీకి 23, మూడో పార్టీకి రాజోలులో ఒకటి. ఎంతో పేరున్న సర్వే కూడా ఆ ఏడాది మన రాష్ట్రంలో పూర్తిగా తలకిందులైంది. ఇవన్నీ సర్వే వాళ్ళని తిట్టడానికి చెప్పడం లేదు, వాళ్ళ పని కష్టమైనదే. మీకు ఈ రాత్రి నిద్ర పట్టాలా వద్దా అన్నది ఆ అంకెకి అప్పగించకండి అంటున్నాను. మీకు అనుకూలంగా వచ్చిన సర్వే కూడా చూడకండి, ఎందుకంటే అది చూసి కలిగిన సంతోషం గంటలో ఇంకో సర్వే రాగానే భయమై కూర్చుంటుంది.

పందేలు

దీని గురించి గట్టిగానే చెప్తాను. సంక్రాంతికి బరిలో కాసే పందెం సాయంత్రానికి తేలిపోతుంది. ఎన్నికల పందెం నెల, నెలన్నర లోపల కూర్చుని తినేస్తుంది. ఎవరు గెలుస్తారని, మెజారిటీ ఎంతని, ఎన్ని సీట్లని, మధ్యవర్తి దగ్గర డబ్బు పెట్టి, డబ్బు లేకపోతే బండి కాగితాలు, పొలం కాగితాలు కూడా పెట్టేస్తున్నారు. పందెం కాసిన మనిషికి ఇక వార్త వార్తలాగా ఉండదు. ప్రతి పుకారూ లాభమో నష్టమో అయిపోతుంది. భీమవరంలో రేటు ఇలా ఉందట, తణుకులో అలా ఉందట అని తిరిగే కబుర్లు కూడా సర్వేల్లాగా చలామణి అవుతాయి, వాటిని పుట్టించేది పందెం వాళ్ళే.

కాయకండి. చట్ట ప్రకారం నేరం అన్నది ఒకటి, ఆ నెలన్నర మీ మనసు మీది కాకుండా పోతుందన్నది ఇంకొకటి.

ఇప్పటికే కాసి ఉంటే, ఎంత కాశారో ఇవాళే ఇంట్లో చెప్పండి. తిట్లు పడతాయి, ఏడుపులు ఉంటాయి, అయినా చెప్పండి. దాచినంత కాలం మీరు పడే టెన్షన్‌లో సగం ఓడిపోతామని, సగం ఇంట్లో తెలుస్తుందని. పోగొట్టుకునేది సరిచేద్దామని అవతలి వైపు ఎదురు పందెం మాత్రం కాయకండి, అప్పు అక్కడే రెట్టింపు అవుతుంది. ఇంట్లో ఆడవాళ్ళకి ఒక మాట: మీ ఆయన రౌండ్ల లెక్కలు, మెజారిటీ అంకెలు ఉన్నట్టుండి మరీ ఎక్కువగా మాట్లాడుతున్నా, అస్సలు మాట్లాడటం మానేసినా, కోప్పడకుండా ఒకసారి అడగండి. ఓడిపోయి చచ్చిపోతానన్న మాట నోటి వెంట వస్తే దాన్ని కోపంలో అన్నమాటగా వదిలెయ్యకండి, మనిషిని ఒంటరిగా ఉంచకండి.

బంధువులతో

మన డెల్టాలో రాజకీయం కులంతో, చుట్టరికంతో కలిసిపోయి ఉంటుంది, ఇది ఒప్పుకునే మాట్లాడుకోవాలి. నాయకుణ్ణి ఒక మాట అంటే ఇంటి మనిషిని అన్నట్టు తగులుతుంది. వియ్యంకుడు ఒక పార్టీ, బావమరిది ఒక పార్టీ, పెళ్ళి భోజనాల దగ్గర మొదలైన మాట రెండేళ్ళు రాకపోకలు ఆగేదాకా వెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి. అందుకని గ్రూపులో ఎవరైనా మనసు నొప్పించే మాట పెడితే గ్రూపులో జవాబు రాయకండి. స్టేటస్‌లో దెప్పుతూ పెట్టకండి, అది ఎవరి కోసం పెట్టారో వాళ్ళకి అర్థమవుతుంది, పక్కవాళ్ళకి కూడా అర్థమవుతుంది. అంతగా బాధ అనిపిస్తే మనిషి దగ్గరికే వెళ్ళండి. ఎదురుగా కూర్చుంటే ఎవరూ గ్రూపులో రాసినంత కటువుగా మాట్లాడలేరు.

మాట పెరుగుతుంటే ఇలా చెప్పి చూడండి: "బాబాయ్, మీరు ఎవరికి వేసినా, నేను ఎవరికి వేసినా ఆదివారం పిన్ని చేతి పులస పులుసు నేను వదులుకోను, ఇక ఈ మాట ఇక్కడితో ఆపేద్దామండి." పులసల కాలం కాకపోతే ఇంకో కూర పేరు చెప్పండి. బాబాయ్ నవ్వకపోయినా మాట ఆగుతుంది. పై చేయి మనదవ్వాలన్న పట్టుదల మాత్రం ఆ పూటకి పక్కన పెట్టాలి.

ఇంట్లో నాన్నగారు పొద్దుట్నుంచి రాత్రి దాకా టీవీ ముందే ఉంటున్నారా? రిమోట్ లాక్కోకండి. రిటైరైన మనిషికి ఆ చర్చలే తోడు. "నాన్నా, కాలువ గట్టు దాకా నడిచొద్దాం రండి" అని చర్చ మొదలయ్యే టైముకే బయటికి తీసుకెళ్ళండి. ఆయన చెప్పే రాజకీయం పది నిమిషాలు అడ్డుపడకుండా వినండి, వినే మనిషి దొరికితే టీవీ అవసరం తగ్గుతుంది. పిల్లల ముందు అవతలి కులం వాళ్ళ గురించి మాట తూలకండి. వాళ్ళు రేపు స్కూల్లో ఆ పిల్లల పక్కనే కూర్చోవాలి.

పంచాయతీ ఎన్నికలైతే పార్టీ గుర్తులు ఉండవు, అయినా టెన్షన్ ఇంకా ఎక్కువ, ఎదురు నిలబడేది పెదనాన్న కొడుకే అవుతాడు కాబట్టి. అక్కడ పైన చెప్పినవన్నీ రెట్టింపు జాగ్రత్తగా పాటించాలి.

చేతికి పని

మీ చేతిలో ఉన్నది మీ ఓటు, మీ ఇంటి వాళ్ళ ఓట్లు. జాబితాలో పేరు ఉందో లేదో ఇవాళే ఎన్నికల సంఘం వోటర్స్ సైట్‌లో చూసుకోండి, లేదా 1950 కి ఫోన్ చెయ్యండి, ఇవేవీ కుదరకపోతే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని (బీఎల్వోని) అడగండి. పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారినా తప్పులున్నా ఫారం 8. నామినేషన్ల చివరి తేదీ దాటితే కొత్త పేరు ఎక్కదు, దరఖాస్తు పరిశీలనకి కూడా రోజులు పడతాయి కాబట్టి చివరి దాకా ఆగకండి. 85 ఏళ్ళు దాటిన వాళ్ళకి, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న వాళ్ళకి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుంది, దానికి ఫారం 12డి ముందుగా ఇవ్వాలి. వీధిలో ముసలివాళ్ళు ఎవరున్నారో చూసి ఆ ఫారం గురించి చెప్పి నింపి పెట్టండి. రాష్ట్రం గురించి బెంగపడే వాళ్ళకి పని చెప్తానన్నాను కదా, ఇదే. ఈ పని చేసిన రోజు టీవీ గుర్తు రాదు.

హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చే వాళ్ళు షెడ్యూల్ రాగానే టికెట్ చేసేసుకోండి. నరసాపురం ఎక్స్‌ప్రెస్, గౌతమి నిండిపోయాక బస్సుల రేట్లు చూసి పడే టెన్షన్ వేరే.

డబ్బు పంచుతున్నారని, బెదిరిస్తున్నారని కళ్ళారా చూస్తే ఎన్నికల సంఘం వాళ్ళ సీ విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టండి, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు, 100 నిమిషాల్లో దాని మీద చర్య తీసుకోవాలన్నది వాళ్ళ లెక్క. మీరు ఎవరికి వేశారో తెలిసిపోతుందని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. బూత్‌కి మొత్తం ఎవరికి ఎన్ని వచ్చాయో ఫలితాల తర్వాత తెలుస్తుంది, దాన్ని బట్టి ఊళ్ళో ఊహాగానాలు ఉంటాయి, అంతవరకే. ఏ మనిషి ఏ గుర్తు నొక్కాడో ఆ లెక్కల్లో ఉండదు. మీరు వెళ్ళేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే గొడవ పడకుండా టెండర్ ఓటు (విడిగా కాగితం మీద వేసే ఓటు) ఇమ్మని అడగండి, మీరు మీరేనని రుజువు చేసుకుంటే ఇవ్వాల్సిందే. పోలింగ్ టైము అయిపోయేసరికి లైనులో ఉన్న వాళ్ళందరికీ ఓటు వేసే హక్కు ఉంటుంది. ఇవి తెలిసి ఉంటే ఆ రోజు సగం కంగారు ఉండదు.

ఒళ్ళు

గుండె దడ అన్నీ మనసు వల్లే కాదు. మే నెల ఎండలో నీళ్ళు తాగకుండా, నాలుగు టీలు తాగి, రాత్రి మూడు గంటలే పడుకుంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానండి, మజ్జిగ తాగండి. దడ మొదలైనప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా మెల్లగా వదలండి. వదలడం ఎక్కువసేపు ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే. ఐదు నిమిషాలు చెయ్యండి. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతూ చెమటలు పడితే మాత్రం ఇది టెన్షనేలే అని కూర్చోకుండా 108 కి ఫోన్ చెయ్యండి.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, పనికి వెళ్ళలేకపోయినా డాక్టరుకి చూపించండి. 14416 కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. పిచ్చి అంటారేమోనని జంకకండి, అక్కడ మీ ఊరి వాళ్ళెవరూ ఉండరు.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకి ఇంకో టెన్షన్ ఉంటుంది, అక్కడి ఎన్నికలు, వీసా వార్తలు. 2025 సెప్టెంబరులో హెచ్ 1బి కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. మరుసటి రోజుకి, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి అది వర్తించదని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అలాంటి వార్త వస్తే పిల్లలకి పదే పదే ఫోన్ చెయ్యకుండా, ఒక రోజు ఆగి, వాళ్ళకి తీరిక ఉన్నప్పుడు ఒక్కసారి అడగండి.

పోలింగ్ నుంచి కౌంటింగ్ దాకా, ఆ తర్వాత

2019 లో ఏప్రిల్ 11 న ఓటేసి మే 23 దాకా ఆగాం. 2024 లో మే 13 నుంచి జూన్ 4 దాకా. ఈ మధ్య కాలమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే చెయ్యడానికి ఏమీ మిగలదు, మాట్లాడటానికి మాత్రం అంతా ఉంటుంది. ఈ రోజుల్లో వార్తలు పూర్తిగా ఆపేసినా నష్టం లేదు. ఎటైనా వెళ్ళాల్సి ఉంటే, ఇంట్లో చిన్న శుభకార్యం ఉంటే ఇప్పుడే పెట్టుకోండి.

కౌంటింగ్ రోజు ముందు టిఫిన్ తినండి, బీపీ, షుగర్ మాత్రలు వేసుకోండి, ఆ తర్వాతే టీవీ. ఎనిమిదింటికి పోస్టల్ ఓట్లతో మొదలవుతుంది, ఎనిమిదిన్నర నుంచి మిషన్లు. ఒక్కో రౌండులో మామూలుగా 14 టేబుళ్ళ మీద 14 బూత్‌లు, అదీ బూత్ నంబర్ల వరుసలో లెక్కపెడతారు. నియోజకవర్గంలో 230 బూత్‌లుంటే 17 రౌండ్లు. ఉదాహరణకి కొత్తపేటలో రావులపాలెం, ఆత్రేయపురం, ఆలమూరు, కొత్తపేట అని నాలుగు మండలాలున్నాయి, మొదటి రౌండ్లలో వచ్చే ఆధిక్యం ఏదో ఒక్క మండలం మాటే చెప్తుంది. ఆ మండలంలో ఎవరికి పట్టు ఉందో మీకు ముందే తెలుసు కదా. సగం రౌండ్లు అయ్యేదాకా ఆ అంకెల్ని పట్టించుకోకండి. గంటకొకసారి ఎన్నికల సంఘం ఫలితాల సైట్ చూస్తే చాలు. గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళని ఒంటరిగా టీవీ ముందు వదలకండి, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఫలితం చెప్తే సరిపోతుంది.

గెలిస్తే ఓడిన వాళ్ళ ఇంటి ముందు బాణసంచా కాల్చకండి, డీజే పెట్టకండి. ఓడితే ఆ సాయంత్రం ఫోన్ ఆపేసి పడుకోండి. రెండు మూడు రోజులు బాధగానే ఉంటుంది, అది మామూలే. వారంలోపు, మాట పట్టింపు వచ్చిన బంధువు ఎవరైనా ఉంటే వాళ్ళింటికి ఏదో ఒక పని మీద వెళ్ళండి, ఎన్నికల మాట ఎత్తకుండా వచ్చెయ్యండి. మొదట్లో రాసుకున్న కాగితం తీసి అందులో ఇంకా మిగిలిన పని ఏముందో చూసుకుని, దానికి ఏ ఆఫీసుకి వెళ్ళాలో కనుక్కోండి.